మామయ్యగారు పిలకలన్నీ కోసేశారు

బెంగళూరు కె.ఆర్.పురం వైపు నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. సంగతి కుదించి చెబుతాను.

ఆవిడకి ముప్పై ఏడేళ్లు. భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగాలు. అపార్ట్‌మెంట్‌లో గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాటు, వెనక పడకగది అంత పెరడు. 2020 లాక్‌డౌన్‌లో కొత్తిమీర, పుదీనాతో మొదలై చివరికి అలంకరణ అరట్ల దగ్గర ఆవిడ మనసు నిలిచింది. ఇప్పుడు మూడు రకాలున్నాయి. నేలలో గులాబీ కాయల వెల్యుటినా గుబురు ఒకటి. ఆకుల మీద ఎర్రటి మచ్చలుండే జీబ్రినా ఒకటి. ఇరవై అంగుళాల కుండీలో ముదురెరుపు ఆకుల అబిసీనియా అరటి ఒకటి. దీన్ని నర్సరీ నుంచి జానెడు మొక్కగా తెచ్చి నాలుగేళ్లు పెంచారు.

ఏడాదిన్నర కిందట అత్తయ్యగారు పోయారు. మామయ్యగారు ఇక్కడికి వచ్చేశారు. డెబ్బై రెండేళ్లు, రావులపాలెం దగ్గర పల్లెటూరు, నలభై ఏళ్లు అరటి వేసిన చెయ్యి. పొలం కౌలుకిచ్చి వచ్చారు. కన్నడం రాదు, పార్కులో మాట్లాడేవాళ్లు లేరు. కోడలి మొక్కల్ని "షోకు అరట్లు" అంటారు. చుట్టం ఎవరొచ్చినా "గెల లేదు, కూర లేదు, ఆకులో అన్నం తినేదీ లేదు" అని చూపిస్తారు. ఆకుల అంచులు మాడుతుంటే "పొటాష్ లేక" అని ఆయన, "ఎండకి" అని ఈవిడ ఇదివరకే ఒకసారి వాదించుకున్నారు.

ఫిబ్రవరిలో చెల్లెలి పురుడికి ఈవిడ హైదరాబాదు వెళ్లి పదిరోజులకి తిరిగొచ్చారు. వెల్యుటినా గుబురులో లావుపాటి బోదె ఒక్కటే నిలబడి ఉంది. మిగతా ఏడూ నేలమట్టం. జీబ్రినాకి ఒక్క ఆకు లేదు. ఎర్ర అరటి మొదట్లో మట్టి తవ్వి, దుంపకి అరచేతి వెడల్పున గాయం. "పిలకెందుకు వెయ్యట్లేదో చూద్దామని" అన్నారట. వంటింటి గట్టు మీద స్టీలు పళ్లెంలో వెల్యుటినావి రెండు గులాబీ రంగు అరటిపువ్వులు పెట్టి, "కూరకి చాలవమ్మా" అన్నారట.

ఈవిడ ఏమీ అనలేదు. బాత్‌రూమ్‌లోకి వెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చారు. ఆరు రోజులుగా మామయ్యగారితో "కాఫీ", "భోజనం" తప్ప మాటల్లేవు. భర్తకి చెబితే, "అరటి చెట్లేగా, రావులపాలెం నుంచి లారీ తెప్పిస్తాలే" అని నవ్వేశాడు. మొక్కలు బతుకుతాయా, ఆయనకి ఎలా చెప్పాలి, కొన్నాళ్లు ఊరికి పంపేస్తే బాగుండుననిపించడం తప్పా అని అడిగారు. చివర్లో ఒక వాక్యం: "ఇప్పుడు ఇంట్లో కిరసనాయిలు ఉందా అని అడుగుతున్నారు. ఎందుకో తెలియక టెన్షన్‌గా ఉంది."

* * *

ముందు కిరసనాయిలు సంగతి. ఇవ్వకండి. కానీ భయపడకండి కూడా. అరటి తోటల్లో పిలకని కోశాక అది మళ్లీ లేవకుండా దాని నడిమధ్య నాలుగు చుక్కలు కిరసనాయిలు పోయడం పాత పద్ధతి. ఆయన ఇప్పుడు అడుగుతున్నారంటే కోసినవి మళ్లీ లేస్తున్నాయన్నమాట. ఈ ఉత్తరం పక్కన పెట్టి పెరట్లోకి వెళ్లి చూడండి. కోసిన చోట మధ్యలోంచి చుట్టచుట్టుకున్న లేతాకుపచ్చ మొన ఒకటి వేలెడంత పైకి వచ్చి ఉంటుంది. మీ మొదటి ప్రశ్నకి సగం జవాబు అదే.

ఇప్పుడు మీకు నచ్చని మాట ఒకటి. మామయ్యగారు మీ పెరట్లో చేసిన మూడు పనులూ అరటి తోటలో సరైన పనులే. గెల కావాలంటే తల్లి చెట్టు ఒక్కదాన్నే ఉంచి, పువ్వు పడేదాకా నెలకో నెలన్నరకో ఒకసారి పిలకలు తీసేయాలి. లేకపోతే తల్లి తినాల్సింది పిల్లలు తినేసి గెల సన్నబడుతుంది. ఆకు మీద మచ్చ కనిపిస్తే సిగటోక తెగులు అనుకుని ఆ ఆకు కోసి దూరంగా పారేయాలి. చెట్టు పిలక వేయకపోతే పురుగు తొలిచిందేమోనని దుంప చూడాలి. ఇవన్నీ నిద్రలో లేపినా చేసే రైతు ఆయన. మీరు లేని పదిరోజుల్లో పాడుపెట్టిన తోట కనిపించింది, బాగుచేశారు.

చిక్కల్లా మీరు పెంచేది పంట కాకపోవడం. అలంకరణ అరటికి లెక్క తిరగబడుతుంది. వెల్యుటినా అస్సాం, అరుణాచల్ కొండల మొక్క. నిలువెత్తు మించి పెద్దగా పెరగదు, పువ్వు కిందకి వాలకుండా పైకి నిక్కి ఉంటుంది, కాయ బొటనవేలంత, నూగుతో గులాబీగా ఉండి, పండితే తొక్క తనంతట తానే విచ్చుకుంటుంది. లోపలంతా గట్టి గింజలు. ప్రతి బోదె ఒక్కసారే పూసి పోతుంది కాబట్టి పిలకలే దానికి రేపటి పూత. గుబురు ఎంత ఒత్తుగా ఉంటే అంత అందం. ఆయనకి అక్కడ కనిపించింది కలుపు. మీకు కనిపించింది వచ్చే ఏటి పువ్వు. జీబ్రినా జావా అరటి. దాని మచ్చలు తెగులు కాదు, పుట్టు రంగు. ఇక అబిసీనియా అరటి అసలు పిలక వేసే జాతే కాదు. ఏళ్లకేళ్లు ఒంటిగా పెరిగి, ఒక్కసారి పూసి, పోతుంది. ఆయన దుంప మొత్తం పైకి తీసినా పిలక దొరికేది కాదు.

ఇది తెలియకపోవడం ఆయన తప్పేం కాదు. నేనూ ఒకప్పుడు హెలికోనియాని అరటి అనుకుని రెండేళ్లు గెల కోసం ఎదురుచూశాను.

మొక్కల విషయం ఒక్కొక్కటిగా చెబుతాను. వెల్యుటినాకి ఏమీ చేయకండి. మార్చి ఎండ మొదలైంది, దుంప ఆరోగ్యంగా ఉంది, వర్షాలు పడేనాటికి నాలుగైదు పిలకలు మోకాలెత్తు వస్తాయి. మిగిలిన లావు బోదెకి కాయలున్నాయన్నారు కదా, వాటిని పండనివ్వండి. గింజలు కడిగి, ఒకరోజు గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి నాటండి. మొలకకి ఒక్కోసారి నెలలు పడుతుంది కాబట్టి ట్రే పారేయకండి. జీబ్రినా చచ్చినట్టు కనిపిస్తోందే గానీ చావలేదు. అరటికి ప్రాణం ఆకుల్లో ఉండదు, మొదట్లో ఉంటుంది. ఈ ఎండల్లో వారం పది రోజులకో ఆకు వేస్తుంది. అప్పటిదాకా నీళ్లు తగ్గించండి. ఆకుల్లేని మొక్క నీళ్లు తాగదు, మట్టిలో నీరు నిలిచి దుంప కుళ్లుతుంది. జాలిపడి రోజూ పోస్తే మీ చేతుల్తోనే పోతుంది.

అసలు బెంగ ఎర్రదాని గురించే. గాయంలో వేలు పెట్టి నొక్కండి. గట్టిగా, తెల్లగా ఉంటే పర్వాలేదు. మెత్తగా, గోధుమ రంగులో, పాడైన గంజి వాసన వస్తే కుళ్లు మొదలైనట్టే. తర్వాత పైన మొవ్వుని, అంటే ఇంకా విచ్చుకోని చుట్టాకుని, మెల్లిగా లాగి చూడండి. రాకుండా బిగిసి ఉంటే లోపల బాగానే ఉంది. జారి చేతిలోకి వచ్చేస్తే గుండె దాకా పోయింది. కుళ్లు పైపైనే ఉంటే మెత్తటి భాగాన్ని చాకుతో గీకేసి, రెండు రోజులు గాలికి ఆరనిచ్చి, లీటరు నీళ్లకి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి గాయం తడిసేలా పోయండి. ఈ మందు పేరు చెబితే మామయ్యగారు మోతాదు మీకంటే ముందు చెబుతారు. తర్వాత మట్టి పైన రెండంగుళాలు పొడిబారితేనే నీళ్లు.

పొటాష్ గొడవలో ఇద్దరూ సగం సగం కరెక్టు. అరటి ఏ పోషకం కంటే కూడా పొటాష్ ఎక్కువ లాగుతుంది. అది తక్కువైతే ముదురాకులు పసుపెక్కి అంచులు మాడతాయి. కానీ మీ ఉత్తరంలో ఒక మాట జారిపోయింది: మొక్కలకి ఆర్‌ఓ ఫిల్టర్ వదిలేసే నీళ్లు పోస్తున్నారు. 2024 మార్చిలో జలమండలి తాగునీటిని తోటలకి వాడితే 5,000 రూపాయల జరిమానా అన్నప్పటి నుంచి బెంగళూరులో చాలామందికి ఆ అలవాటు వచ్చింది. బోరు నీళ్లలోని ఉప్పంతా చిక్కబడి ఆ వదిలేసే నీళ్లలోనే చేరుతుంది. అరటికి ఉప్పు పడదు, అంచుల నుంచి మాడుస్తుంది. ఆ నీళ్లు గచ్చు కడగడానికి వాడుకోండి. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు మొక్కలకి మళ్లించండి. నెలకోసారి కుండీ అడుగు నుంచి కారేదాకా మంచినీళ్లు పోస్తే పేరుకున్న ఉప్పు కొట్టుకుపోతుంది. ఆ తర్వాత చిటికెడు పొటాష్ వేయండి, ఆయన చేత్తోనే వేయించండి.

ఇక మనుషుల సంగతి. ఆయనకి తెలియక చేశారన్నాను, నిజమే. అయినా మీకు కోపం రావడం న్యాయం. తెలియకపోవడం వేరు, అడక్కపోవడం వేరు. ఫోన్ చేసి "ఇవి తీసేయనా అమ్మా" అని ఒక్క మాట అడగొచ్చు. అడగలేదు. పెద్దవాళ్లు కదా అని దాన్ని మింగేస్తే అది కడుపులో ఊరుకోదు. ఆరు రోజుల "కాఫీ", "భోజనం" దాని ఫలితమే. అది ఆయనకి అర్థమవుతోంది, ఎందుకో మాత్రం తెలియట్లేదు.

మీ ముందున్న దారుల్లో మొదటిది ఏమీ అనకుండా కొత్త మొక్కలు కొనుక్కోవడం. ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, మీ ఆయనకీ ఇదే ఇష్టం. కానీ మామయ్యగారి దృష్టిలో తను చేసింది మంచిపనిగానే మిగిలిపోతుంది. మళ్లీ మీరు ఊరెళ్లినప్పుడు మళ్లీ కత్తి పడుతుంది. ఈసారి ఆయన్ని అనడానికి కూడా ఉండదు, ఎవరూ వద్దని చెప్పలేదుగా.

రెండోది మీ ఆయనతో చెప్పించడం. చాలా ఇళ్లలో ఇదే జరుగుతుంది. లారీ తెప్పిస్తానన్న మనిషి నోట్లో మీ మాట ఎలా మారుతుందో ఊహించండి: "నాన్నా, ఆ మొక్కల జోలికెళ్లకు, తను గొడవ చేస్తోంది." ఆ రోజుతో ఆయన పెరట్లోకి రావడమే మానేస్తారు. మొక్కలు దక్కుతాయి. కన్నడం రాని ఊళ్లో, తోడు పోయిన మనిషికి మిగిలిన ఆ పది అడుగుల మట్టి మాత్రం పోతుంది. మీకు కావలసింది అది కాదని ఉత్తరం చదివితే తెలుస్తోంది. కాకపోతే మీ ఆయనకి విడిగా ఒక మాట చెప్పాలి, మొక్కల గురించి కాదు, ఆ నవ్వు గురించి.

మూడోది మీరే నేరుగా చెప్పడం. నా ఓటు దీనికే, అయినా ఇది తేలికని అనను. భోజనాల బల్ల దగ్గర కాకుండా, పొద్దున్నే పెరట్లో, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పండి. "మీరు మంచికే చేశారు గానీ" అని మొదలుపెట్టకండి. అలా అంటే మంచికే అన్న ముక్క ఒక్కటే వినిపిస్తుంది. బాధ ముందు చెప్పండి: "మామయ్యగారూ, ఇవి నేను నాలుగేళ్లు పెంచుకున్నవి. నన్నడక్కుండా కోసేసరికి ఏడుపొచ్చింది. ఇకమీద వీటి మీద కత్తి పెట్టేముందు నన్నడగండి." అంతే. ఆ తర్వాత ఆ మొక్కల సంగతి, పిలకల లెక్క నెమ్మదిగా చెప్పండి. ఆయన చిన్నబుచ్చుకోవచ్చు. ఒకటి రెండు రోజులు అన్నం తక్కువ తినొచ్చు, "మాకేం తెలుసులే" అనొచ్చు. అననివ్వండి. వెంటనే బతిమాలితే మీరు చెప్పిన మాట మీరే వెనక్కి తీసుకున్నట్టు.

నాలుగోది ఆయనకంటూ ఒక మూల ఇవ్వడం. మీ ఉత్తరంలో ఆయన అన్న మాట ఒకటి నాకు గుచ్చుకుంది: "మా పొలంలో ఇట్లా వదిలేస్తే నవ్వుతారు." మీకు అది ఎత్తిపొడుపులా వినిపించింది. పొలం ఇంకొకరి చేతిలో ఉన్నా ఆయన నోట్లో ఇంకా "మా పొలం" అనే ఉంది. పెరటికి ఉత్తరపు మూలన కర్పూర చక్కెరకేళి ఒకటి, మహా అయితే రెండు పట్టొచ్చు. నీడ మీ ఎర్ర అరటి మీద పడదు. దానికి ఎండ తగ్గితే ఎరుపు పోయి పచ్చబడుతుంది. ఇందులో ఇబ్బందులూ ఉన్నాయి. ఊరి నుంచి గోనెసంచిలో పిలకలు తెప్పిస్తానంటారు, ఒప్పుకోకండి. దుంపని తొలిచే పురుగు, పేనుబంకతో పాకే బంచీటాప్ వైరస్ తెగులు పిలకలతోనే వస్తాయి. ఆ తెగులు వస్తే ఆకులు గుత్తిలా కుచించుకుపోతాయి, మందు లేదు, పీకి పారేయాల్సిందే, మీ అలంకరణ అరట్లకీ అంటుకోవచ్చు. ల్యాబులో పెంచిన టిష్యూకల్చర్ మొక్క కొనండి. ఇంకో సంగతి, బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది, రాత్రుళ్లు చలి. కోనసీమ లెక్కన ఏడాదికి గెల అనుకుంటే ఇక్కడ రెండు మూడు నెలలు ఆలస్యం కావొచ్చు. ఈ ఊరి నీళ్లే మంచివి కావంటారు, విని ఊరుకోండి. ఆ మూల మాత్రం నిజంగా ఆయనదే కావాలి. అక్కడ ఆయన పిలకలు కోసినా, ఆకులు కోసి మీకు అన్నం వడ్డించినా మీరు నోరెత్తకూడదు.

ఊరికి పంపే ఆలోచన తప్పేమీ కాదు, అలసిన మనిషికి అనిపిస్తుంది. కౌలు లెక్కలు చూసుకోవడానికి ఓ నెల వెళ్తారేమో ఆయన్నే అడగండి. కానీ ఈ నెల అడగకండి. ఇప్పుడు అడిగితే మొక్కలు కోసినందుకు శిక్షగా వినిపిస్తుంది.

ఎర్ర అరటి విషయంలో ఇంకో దారి చివరికి దాచాను. దుంప గట్టిగానే ఉండి, పైన మొవ్వు మాత్రం చేతిలోకి వచ్చేస్తేనే ఇది. ఈ జాతి ఇథియోపియాలో ఇంటింటి పంట. అక్కడ దాన్ని ఎన్సెట్ అంటారు. దాదాపు రెండు కోట్ల మందికి అది తిండి. కాయ కాదు, బోదెనీ దుంపనీ తురిమి గుంటలో పులియబెట్టి రొట్టె చేసుకుంటారు. పిలక వేయని ఈ చెట్టుతో పిలకలు వేయించడం అక్కడి రైతులకి తెలుసు. చెట్టుని నేలకి కాస్త పైన నరికి, నడుమ ఉండే మొవ్వు మొదలు తొలిచేసి, దుంపని మళ్లీ మట్టిలో కప్పేస్తారు. ఎదిగే మొన పోయేసరికి దుంప చుట్టూ నిద్రపోతున్న కళ్లు, అంటే పిలక మొలిచే మొగ్గలు, లేస్తాయి. కొన్ని నెలలకి పదుల కొద్దీ పిలకలు. కుండీలో అన్ని రాకపోవచ్చు, దుంప కుళ్లి ఒక్కటీ రాకపోవచ్చు కూడా. మీ నాలుగేళ్ల చెట్టు మాత్రం ఆ రోజుతో పోయినట్టే. అందుకే మొవ్వు బిగిసి ఉంటే ఈ పని జోలికి పోకండి.

చేయాల్సి వస్తే మాత్రం మీరు ఒక్కరే చేయకండి. దుంపలో కత్తి ఎంత లోతుకి దించాలో, కన్ను ఎక్కడుంటుందో నలభై ఏళ్లు చేసిన చేతికి తెలుస్తుంది. ఆయన ఆశ్చర్యపోవడానికి ఇంకో ముక్క చెప్పండి. మన పడమటి కనుమల రాతి అరటి ఈ అబిసీనియా దానికి చెల్లెలి వరస, అదీ పిలక వేయదు. ఆ రాతి అరటికి మొదట శాస్త్రీయనామం పెట్టిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా వెళ్లేదాకా సామర్లకోటలో ఉన్నాడు. షోకు అరట్లు మన గోదావరి వైపు వాళ్లకి మరీ కొత్తేం కాదని మామయ్యగారే ఓ వారం చెప్పుకుంటారు.

ఎండ తగ్గాక సాయంత్రం పెట్టుకోండి. కోసే ముందు కత్తి స్పిరిట్‌తో తుడవండి. ఇద్దరూ పాత బట్టలు వేసుకోండి, అరటి మరక ఏ సబ్బుకీ పోదు.